మామిడి మొదలుకి తెగని దారం

నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే బాగా బురిడీ కొట్టించింది పురుగూ కాదు, తెగులూ కాదు, ఒక మంచి కాపు. విరగకాసిన చెట్టుని చూసి మురిసిపోయి, అందరితో పాటు నేనూ పళ్ళు తిని చేతులు కడుక్కున్నాను. ఇప్పుడు తోటల విభాగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, ఏ పుస్తకం చదవమంటారు?" అని అడుగుతుంటారు. పుస్తకాలు నాకంటే మీకే ఎక్కువ తెలుసు. వీలుంటే ఈ ఒక్క చెట్టు సంగతి వినండి.

మాది తెనాలి పక్క పల్లె. మా ఆయన రైల్వే ఉద్యోగంతో సూరత్ వచ్చాం. చేతిలో వ్యవసాయ డిగ్రీ ఉంది కదా అని దరఖాస్తు పెడితే, దగ్గర్లోని హజీరాలో ఒక కంపెనీ టౌన్‌షిప్ తోటలకి నన్ను ఇన్‌చార్జిగా తీసుకున్నారు. పొగగొట్టాలూ గ్యాసు పైపులూ ఉన్నచోట తోటల ఉద్యోగమేమిటని మా చుట్టాలు నవ్వేవారు. పొగ ఉన్నచోటే చెట్టు అవసరం ఎక్కువని నేను దబాయించేదాన్ని. సముద్రపు గాలిలో ఉప్పు, బోరు నీళ్ళలో ఉప్పు. మేం నాటిన మొక్కల్లో సగం మొదటి ఎండాకాలం దాటేవి కావు. అందుకే దాటిన ప్రతి మొక్కా మాకు బంధువులా ఉండేది.

సూరత్‌లో ఎవరైనా ఎవరికైనా భాయ్, లేకపోతే బెన్. మా ఎస్టేట్ మేనేజరు నాకంటే పెద్దవాడు, అయినా నన్ను బెన్ అనే పిలిచేవాడు. తిట్టాల్సి వచ్చినా బెన్ అనే తిట్టేవాడు. హెడ్ మాలీ మాత్రం మనవాడే, కరీంనగర్ వైపు మనిషి. మగ్గం పని మీద వచ్చి, ఆ చప్పుడుకి చెవులు మొద్దుబారిపోతున్నాయని తోటపనిలోకి మారాడు. మాలీలంతా ఆయన్ని కాకా అనేవారు, నేనూ అదే అనేదాన్ని. మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం కానీ, నా మాట ఆయనకీ ఆయన మాట నాకూ అర్థమయ్యేసరికి టీ చల్లారిపోయేది.

కాకా తీసుకొచ్చిన మాలీల్లో పెళ్ళికాని యువకుడు ఒకడుండేవాడు. మాటలు తక్కువ, మొక్క దగ్గర మాత్రం గొణుక్కుంటూ ఉండేవాడు. ఎక్కడో తిన్న మామిడిపండు టెంక నచ్చి, దాన్ని మొలకెత్తించి, టౌన్‌షిప్ స్కూలు బస్సు ఆగే మూల మీద నాటాడు. ప్లానులో అక్కడ మామిడి లేదు. నేను కోప్పడితే, "ఉండనియ్యుండ్రి మేడం, పిల్లలకు నీడయితది" అన్నాడు. ఉండనిచ్చాను. ఆ మొక్క మణికట్టంత లావయ్యేసరికి అతనికి కామెర్లు వచ్చాయి. నాటు మందు తాగుతూ ఆలస్యం చేశాడు. చూస్తుండగానే పోయాడు.

అతనికి ఒక అక్క ఉంది. భర్త సూరత్ అవతల జోల్వాలో మరమగ్గాల మీద పని చేస్తాడు, అక్కడే కాపురం. ఉత్తరాదివాళ్ళ రాఖీ పండగ రోజే మన నేతవాళ్ళకి నూలు పున్నమి. ఇంటిల్లిపాదీ కొత్త నూలు పోగులు తెచ్చి పసుపు రాసి ఒకరి చేతికి ఒకరు కట్టుకుంటారు. తమ్ముడు పోయిన తర్వాత వచ్చిన నూలు పున్నమికి ఆవిడ కాకాతో గేటు పాసు రాయించుకుని టౌన్‌షిప్‌కి వచ్చింది. పీట మీద కూర్చున్న తమ్ముడి ఎదురుగా కూర్చున్నట్టే ఆ మామిడి మొక్క ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మోకాలి ఎత్తున, సరిగ్గా మనిషి చెయ్యి చాచే చోట, దాని మొదలుకి దారం చుట్టి ముడివేసింది. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చేది. మా ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. చెట్లకి దారాలు కట్టని ఊరు ఏది? నాలుగు వానలకి కుళ్ళి రాలిపోతుందిలే అనుకున్నాను. మాలీలు ఎవరూ ఆ దారం జోలికి పోయేవారు కాదు. ఆ చెట్టు దగ్గర అటువైపు తిరిగి బీడీ కూడా కాల్చేవారు కాదు.

చెట్టు పెరిగింది. పూత పట్టింది. ఇక ఆ సంవత్సరం కాసింది చూడండి, కొమ్మ కొమ్మకీ గుత్తులు. వెదురు బొంగులు ఆనించాల్సి వచ్చింది. చెట్టుకి ఎదురుగా ఉన్న క్వార్టర్లో విజయవాడ నుంచి వచ్చిన పైపులైను ఇంజనీరు ఉండేవాడు. పొద్దున్న లేవగానే చెట్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. "ఏమండీ మేడమ్, ఇంత తీపి మా నూజివీడులో కూడా లేదండీ" అని పళ్ళు పంపేవాడు. పిల్లలు బస్సు వచ్చినా ఎక్కేవారు కాదు. కాకా ఒక సంచీ నిండా జోల్వాకి పంపాడు. తమ్ముడు తృప్తిగా ఉన్నాడు, అందుకే ఇంత కాపు అని అక్క ఫోన్‌లో చెప్పి సంతోషపడిందట. మేనేజరు నా పని గురించి పై ఆఫీసుకి మంచి మాట రాశాడు. నేనూ కాలర్ లేని చీర మీదే కాలర్ ఎగరేశాను.

మరుసటి ఏడు పూత రాలేదు. చిగురు కూడా సరిగ్గా వేయలేదు. వచ్చిన నాలుగాకులు చిన్నవి, పాలిపోయినవి. కొమ్మల చివర్లు ఎండుతూ వచ్చాయి. ఎవరి పనిలో ఏ రోగం ఉంటుందో చెట్టులోనూ వాళ్ళకి అదే కనిపించింది. ఇంజనీరు భూమిలో గ్యాసు లీకేమోనని మీటరు తెచ్చి వాసన చూశాడు. మేనేజరు నీళ్ళ కాంట్రాక్టరు మోసం చేస్తున్నాడన్నాడు. కాకా దిష్టి అన్నాడు, పాత చెప్పు తెచ్చి కొమ్మకి కట్టాడు. నేను ఉప్పు అన్నాను. పాదు తవ్వించి మంచి నీళ్ళు పోయించాను, ఎరువు వేయించాను. చెట్టు ఏదీ పట్టించుకోలేదు.

ఎండాకాలం చివర ఎవరో పెద్దలు వస్తున్నారని చెట్లకి గేరూ, సున్నం వేయమన్నారు. మొదళ్ళకి ఎర్రమట్టి రంగు పూసి పైన తెల్ల పట్టీ వేయడం మా టౌన్‌షిప్‌లో ఏటేటా జరిగేదే. పాత రంగు పొక్కులు లేచిందని కాకా కొబ్బరి పీచుతో గీకిస్తున్నాడు. నేను అలవాటుగా ఆ మామిడి మొదలు మీద చెయ్యి పెట్టి పైనుంచి కిందికి నిమిరాను. చెయ్యి ఒక గట్టు మీద నుంచి జారి గాడిలో పడింది. దారానికి పైన మాను ఉబ్బి ఉంది, కింద సన్నగా ఉంది. బొద్దుపిల్లాడి నడుముకి ఎప్పుడో కట్టిన మొలతాడు మార్చడం మరచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఏటేటా వేసిన రంగు ఆ గాడిని చక్కగా పూడ్చి దాచిపెట్టింది.

అంట్లు కట్టే కత్తితో బెరడు అంచు తీశాను. లోపల పసుపుపచ్చగా, నిన్ననే కట్టినట్టు మెరుస్తూ దారం. ఒకటి కాదు, ఒకదాని పక్కన ఒకటి. నూలైతే ఎప్పుడో మట్టయ్యేది. ఇది సూరత్. ఇక్కడ ఇంట్లో చీపురు కట్టుకునే దారం కూడా పాలిస్టరే. కాకా నా చేతిలోది చూసి, గీకుతున్న పీచు కింద పడేసి, నేల మీద కూర్చుండిపోయాడు.

మేనేజరూ ఇంజనీరూ వచ్చారు. చెట్టు కింద నిలబడి వాళ్ళకి చెప్పాను. నీళ్ళ దారి వేరు, తీపి దారి వేరు. వేళ్ళు పీల్చిన నీళ్ళు మాను లోపలి చెక్కలోంచి పైకి పోతాయి. ఆకు ఎండలో వండిన చక్కెర బెరడు లోపలి పల్చటి పొరలోంచి వెళుతుంది. దారం చెక్కని ఏమీ చేయలేదు. అందుకే పోయినేడు దాకా నీళ్ళు పైకి ఎక్కుతూనే ఉన్నాయి, ఆకులు పచ్చగానే ఉన్నాయి. చక్కెర మాత్రం దారం దగ్గర ఆగిపోయింది. కిందికి దిగని తీపి పైనే పోగుపడితే చెట్టు ఏం చేస్తుంది? పూస్తుంది, కాస్తుంది. పోయినేడు మనం లొట్టలు వేసుకుంటూ తిన్నది వేళ్ళకి అందాల్సిన కూడు. వేళ్ళు దాచుకున్నది కొన్నాళ్ళు తిన్నాయి. ఇప్పుడు అదీ అయిపోయింది, పస్తులున్న వేళ్ళు నీళ్ళు తోడలేకపోతున్నాయి.

ఇంజనీరు తల గోక్కున్నాడు. "మరి పంపు ఎక్కడుందండీ?"

పంపు లేదు. ఆకు దగ్గర సన్నటి గొట్టాల్లోకి చక్కెర ఎక్కుతుంది. చక్కెర చేరినచోటికి పక్క చెక్కలోంచి నీళ్ళు చొరబడతాయి, ఒత్తిడి పెరుగుతుంది. అవతలి కొసన వేరో, చిగురో, పిందో ఆ చక్కెరని దించుకుంటుంది, నీళ్ళు బయటికి పోతాయి, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ నుంచి తక్కువకి పారుతుంది, అంతే. ఎప్పుడూ కిందికే పోవాలని కూడా లేదు. చిగురు వేసే రోజుల్లో వేళ్ళలో, మానులో దాచిన సరుకు పైకి వస్తుంది. లేత ఆకు సగం ఎదిగేదాకా పెద్దాకులు పంపింది తిని పెరుగుతుంది, ఆ తర్వాత తనే వండి పంపడం మొదలుపెడుతుంది.

"అంటే తినేవాడుంటేనే లైను నడుస్తుందన్నమాట" అన్నాడు ఇంజనీరు. నా ఉపన్యాసం కంటే ఆ ఒక్క ముక్క బాగుంది. ఆ తర్వాత ట్రైనీల మీద విసుక్కునే ఆఫీసర్లకి లేత ఆకు సంగతి చాలాసార్లు చెప్పాను. మీరూ ఇప్పుడు లేత ఆకులే, నాలుగు రోజులు కూర్చుని తినండి, తప్పులేదు.

మేనేజరుకి ఇదంతా పట్టలేదు. "బెన్, నాకు ఒక్కటే చెప్పండి. ఈ గాడి దగ్గర చెట్టు విరుగుతుందా, విరగదా?"

"గాలి గట్టిగా వస్తే విరగొచ్చు."

"కింద పిల్లలు బస్సు కోసం నిలబడతారు. వానలకి ముందే కొట్టించేస్తాను."

ఆయన తప్పు లేదు. నేనే ఆయన స్థానంలో ఉంటే అదే అనేదాన్ని. కొమ్మలు తగ్గించి బరువు దించుతాననీ, నాలుగువైపులా ఇనుప ఊతాలు పెట్టిస్తాననీ, బస్సు ఆగే చోటు అవతలికి మారుద్దామనీ బతిమాలాను. చివరికి దీపావళి దాకా గడువిచ్చాడు. అప్పటికి కొత్త చిగురు రాకపోతే గొడ్డలే. వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు: "ఆ అమ్మాయికి మాత్రం దారం సంగతి చెప్పకండి. పాపం తగులుతుంది."

కాకాదీ అదే మాట. "చెదలు వట్టినయని జెప్తం మేడం. జన్మల మర్వదు లేకపోతే."

తమ్ముడికి గుర్తుగా ఆవిడకి మిగిలింది ఆ చెట్టొక్కటే. అది ఆవిడ చేతులతోనే చచ్చిపోతోందని ఏ నోటితో చెప్పను?

పోయినేడు తిన్న పళ్ళ రుచి మరచిపోలేక, ఈసారి పళ్ళ కోసం ఆవిడే వచ్చింది. పళ్ళు లేవు. కొమ్మలు నరికిన చెట్టునీ, ఇనుప ఊతాలనీ చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. తర్వాత గబగబా వచ్చి, "ఏంది మేడం గిది? గిట్లెందుకయింది?" అంది.

"చెదలు బిడ్డా..." అని కాకా మొదలుపెట్టాడు.

"చెదలు కాదు కాకా" అన్నాను. నా నోరు అంత ఆగే రకం కాదు, కానీ ఆ మాట మాత్రం నోటి దురుసుతో అన్నది కాదు. చెదలని చెబితే ఆవిడ పున్నమికి మళ్ళీ అదే దారం పట్టుకుని వస్తుంది. ఈ చెట్టు పోతే ఇంకో మొక్క నాటి దానికీ కడుతుంది. అప్పటినుంచి నా సంచీలోనే ఉన్న పసుపుపచ్చ దారం ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

చూసింది. వెంటనే పోల్చుకుంది. "ఇది నేను గట్టిందే గద."

"అవునమ్మా. చెట్టు లావైంది, ఇది సాగలేదు, కుళ్ళలేదు. లోపలికి కోసుకుపోయింది. ఆకుల దగ్గర నుంచి వేళ్ళకి తిండి దిగడం లేదు."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత అలాగే కూర్చుండిపోయింది, ఎప్పుడూ కూర్చునే చోటే. "అంటే నేనే సంపుతున్నానా మేడం మా తమ్మున్ని? ఒక్కపారి పోయింది సాలదని?"

కాకా ముఖం అటు తిప్పుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. తమ్ముడు బతికున్న చివరి పున్నమికి నిజం నూలే కట్టిందట, ఊరి నుంచి తెచ్చింది. గడ్డపార పట్టే చెయ్యి, వారానికే తెగిపోయింది. అతను పోయినప్పుడు, "నువ్వు కట్టిన నూలు నిలవలేదు, అందుకే పిలగాడు నిలవలేదు" అని అత్తగారు అందట. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. మరుసటేడు మగ్గాల షెడ్డులో అన్నిటికంటే గట్టి దారం కోను ఏదని భర్తని అడిగి, నాలుగైదు పోగులు కలిపి పేనింది. ఆ దారానికి పసుపు సరిగ్గా పట్టదని పసుపుపచ్చ రంగు కోనే ఏరి తెప్పించింది.

"నూలు తెగుతదని గదా మేడం, తెగనిది గట్టిన" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ పక్కనే నేనూ నేల మీద కూర్చున్నాను. "నూలు తెగితే మనుషులు పోరమ్మా. మీ తమ్ముడు కామెర్లతో పోయాడు. మీ అత్తగారు ఏదో నోటికొచ్చింది అంది. చెట్టు ఇంకా పోలేదు" అన్నాను. ఏం చేయొచ్చో చెప్పాను. దారం కోసి తీసేసినా తెగిన దారి దానంతటది అతుక్కోదు, గాడి పైభాగాన్నీ వేళ్ళనీ మనమే కలపాలి. చెట్టు చుట్టూ లేత మామిడి మొక్కలు నాటి, వాటి తలలు గాడికి పైన బెరడులో అంటు కడితే, పెద్దచెట్టు తిండి ఆ మొక్కల కాండాల్లోంచి వాటి వేళ్ళకి దిగుతుంది, ఆ వేళ్ళు దీనికి నీళ్ళు పెడతాయి. అయితే వేలంత లావు, గాడి దాటేంత పొడవు ఉన్న టెంక మొక్కలు కావాలి. మా నర్సరీలో ఉన్నవన్నీ కొమ్మలేసిన పెద్ద అంటు మొక్కలు. ఎక్కడైనా దొరుకుతాయేమో వెతుకుతున్నానని చెప్పాను.

ఆవిడ లేచి, దారం ముక్క కొంగున కట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. కాకా నాతో మాట్లాడటం మానేశాడు. పని చెబితే చేసేవాడు, టీకి మాత్రం వచ్చేవాడు కాదు. ఒకరోజు ఆపుకోలేక అడిగేశాడు: "నిజం జెప్పి ఏం సాధించిన్రు మేడం?" ఊరంతా తిరిగినా సరైన మొక్కలు దొరకలేదు. ఆకాశంలో మబ్బులు మాత్రం కడుతున్నాయి.

తొలి వాన పడిన మరునాడు గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ ఫోన్. ఒకావిడ ఆటో నిండా డబ్బాలు వేసుకొచ్చింది, లోపలికి వదలమంటారా అని. పరిగెత్తాను. నూనె డబ్బాలు, రంగు డబ్బాలు, పగిలిన ప్లాస్టిక్ బకెట్టు. ప్రతిదాంట్లోనూ సన్నగా, పొడుగ్గా, చీకటి గదిలో వెలుతురు కోసం మెడలు సాచి పెరిగిన మామిడి మొక్కలు. నాకు కావాల్సినంత లావు, కావాల్సినంత పొడవు.

"పోయినేడు కాకా పంపిన పండ్ల టెంకలు పారెయ్య బుద్ధిగాలే" అంది ఆటోలోంచి దిగుతూ. "దీనియే పిల్లలు. పెద్దగైనంక ఊర్లె పెడ్దమనుకున్న. గియి పనికొస్తయా అక్కా?"

అంతవరకూ నేను మేడమ్‌నే. అక్క అన్నది అదే మొదలు. చెట్టు ఊపిరాడక కాసిన కాపు, ఆ కాపు టెంకలు, ఆ టెంకల మొక్కలు ఇవి. పనికొస్తాయని తల ఊపి, మొదటి డబ్బా నేనే దించాను.

నాలుగు మొక్కల్ని మట్టి గడ్డ చెదరకుండా మొదలు చుట్టూ నాటాం. మొక్క తలని ఏటవాలుగా చెక్కి, గాడికి పైన బెరడులో అదే ఆకారంలో గంటు పెట్టి, అందులో కూర్చోబెట్టాను. పచ్చిచెక్కకి పచ్చిచెక్క, లోబెరడుకి లోబెరడు కలవాలి. వెంట్రుకవాసి తప్పినా అతకదు. కాకా గొడుగు పట్టుకున్నాడు. అతుకు మీద ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళ గడుతున్నవా అక్కా?"

"కట్టకపోతే అతుక్కోదు. అతుక్కున్నాక విప్పేయాలి. మరచిపోతే ఇదీ ఆ దారం లాంటిదే."

"ఎప్పుడు ఇప్పాలె?"

"వానలు సగం గడిచాక."

ఆవిడ మనసులో ఏదో లెక్క వేసుకుంది. "నూలు పున్నమికి నేనొచ్చి ఇప్పుత" అంది.

ఆ వానాకాలం నేను సుఖంగా నిద్రపోయింది లేదు. గాలి ఊళ వేసినప్పుడల్లా మేనేజరు ఫోన్ చేసేవాడు, "బెన్, మీ చెట్టు నిలబడే ఉంది" అని. నా కోసం కిటికీలోంచి చూసి మరీ చెప్పేవాడు. కొట్టించేస్తానన్న మనిషే! కాకా మళ్ళీ టీకి రావడం మొదలుపెట్టాడు. ఒక మొక్క అతుక్కోలేదు, నల్లబడి వాలిపోయింది. మిగిలిన మూడూ పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్న ఇంజనీరు గ్రూపులో ఏమీ రాయకుండా ఒక ఫోటో పెట్టాడు. నరికిన కొమ్మ మోడు మీద రాగిరంగు చిగురు, నాలుగాకులు. దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు, బస్సులో నా స్టాపు దాటిపోయింది.

ఆ చెట్టు బతికింది. నేను రిటైరయ్యేనాటికి ఆ మూడు మొక్కలూ ముంజేతులంత లావయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేమిటి, చెట్టుకి కాళ్ళున్నాయని అడుగుతారట. కాపు ఒక మోస్తరుగానే వస్తోంది. ఇంజనీరు ఫోన్ చేసి ఆ తీపి లేదండీ అంటుంటాడు. ఆ తీపి మళ్ళీ రాకూడదు నాయనా అని చెబుతుంటాను.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఆ నూలు పున్నమి గురించి. ఆవిడ పొద్దున్నే వచ్చింది. కొత్త చీర, తల నిండా పూలు. చెట్టు ముందు ఎప్పటిలాగే కూర్చుంది. నేను అంట్ల కత్తి ఆవిడ చేతికిచ్చాను. మొదటి పట్టీని ఆచితూచి కోసింది. కింద బెరడు లేతగా, పచ్చగా, అతుక్కుని ఉంది. దాన్ని వేలితో నిమిరింది. రెండోదీ మూడోదీ తడబడకుండా కోసింది. కోసిన పట్టీలన్నీ ఏరి కాకా చేతిలో పెట్టింది, ఒక్క ముక్క కూడా కింద వదలలేదు.

తర్వాత సంచీలోంచి పసుపు రాసిన నూలు తీసింది. "ఊర్లెకెళ్ళి తెప్పిచ్చిన. నిజం నూలు. పసుపు ఎట్ల వట్టిందో సూడు" అంది. వద్దని ఏ నోటితో అనను? ఆవిడ నూలు చేత్తో పట్టుకుని చెట్టు వంక కాసేపు చూసింది. చెట్టుకి కట్టలేదు. నా వైపు తిరిగింది.

"చెయ్యి ఇటియ్యి అక్కా."

చాచాను. నూలు నా మణికట్టు చుట్టూ తిప్పింది. ముడివేసే ముందు తన చూపుడువేలు దారానికీ నా చేతికీ మధ్య పెట్టింది. ఆ వేలి మీద ముడివేసి, వేలు మెల్లగా బయటికి తీసేసుకుంది. దారం నా చేతి మీద వదులుగా అటూ ఇటూ జారింది. ఆ వదులు సరిపోతుందో లేదోనని ఒకసారి తిప్పి చూసుకుని, నేను ఆవిడని చూడటం మొదలుపెట్టాక మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది.

"ఇగ నువ్వెంత లావైనా ఏం గాదక్కా" అంది.